కొర్లమ్మ నోటి బొమ్మ

విదియ. పోటు మామూలు.

తూము పుస్తకంలో ఇంటి సంగతులు రాయకూడదు. పోటు ఎప్పుడు వచ్చింది, ఆటు ఎప్పుడు తీసింది, తలుపు ఎంత ఎత్తాను, గట్టుకు ఎక్కడైనా ఊట పడిందా, ఇవే రాయాలి. గట్టు తూముకు కాపలా ఉండి ఇన్నేళ్ళూ ఇవే రాశాను. నాకు వచ్చిన చదువుకి అదే ఎక్కువ. ఈ రోజు ఇంకో సంగతి రాస్తున్నాను. నా పెళ్ళాం కొర్లమ్మ తిరిగి వచ్చింది.

వైద్య ఓడ మళ్ళీ రేవులో లంగరు వేసింది. వానలకు ముందు కొర్లమ్మను ఆ ఓడే తీసుకుపోయింది. అంగిట్లో పుండు. అడ్డపొగ తాగే మా ఆడవాళ్ళకు వచ్చే కేన్సరే. చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొస నోటి లోపలికి పెట్టుకుంటారు. గాలిలో, నీళ్ళలో పని చేసేవాళ్ళు నిప్పు ఆరకుండా పట్టిన అలవాటు. ఓడలో ఆమెకు రోజూ కరెంటు పెట్టారట, అంటే పుండు మీదికి రేడియేషన్. పుండు మానింది. మనిషి సగమైంది.

రేవులో దిగి నా ముందు నిలబడింది. నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏటలగ సూత్తావు మావా? దెయ్యాన్ననుకున్నావేటి?" అంది. నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. "నీకు పెళ్ళాం పోనా మాట రాదు, ఒచ్చినా మాట రాదు. నడు. ఆకలేత్తంది."

అన్నం, కవ్వళ్ళ చేపల ఇగురు వండి ఉంచాను. ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. నములుతూనే ఉంది. ముద్ద కిందికి దిగలేదు. నీళ్ళు పోసుకుని, తల వెనక్కి వాల్చి, మందు మింగినట్టు మింగింది. రెండో ముద్దకే చెయ్యి కడిగేసింది.

"నోట్లో తడి నేదు మావా. కరెంటుతో అదీ పోనాది" అంది. ఆకలి లేనట్టు నవ్వింది.

గట్టు మీద మంచినీళ్ళు మనిషికి రోజుకు ఇంతని వంతు. నా వంతు నీళ్ళ ముంత ఆమె పక్కన పెట్టాను. ఇంట్లో ఒకరి వంతు ఒకరు తాగితే తప్పు లేదు.

పంచమి. గాలి తూర్పు.

పంచమికీ దశమికీ పున్నమికీ సావిట్లో ప్రమాణం. నాలుక మీద చిటికెడు బియ్యప్పిండి వేస్తారు. "గట్టు నీళ్ళు దొంగిలించావా?" అని అడుగుతారు. లేదు అని చెప్పి, పిండి నమిలి, గాజు పళ్ళెంలో ఉమ్మాలి. పిండి తడిసి ఉంటే పళ్ళెం పచ్చగా వెలుగుతుంది. పొడిగా ఉంటే ఎర్రబడుతుంది. అబద్ధం చెప్పేవాడికి భయంతో నోరు ఎండిపోతుందని, ఆ పళ్ళెం చేసినవాళ్ళ లెక్క. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చి, మిగిలినవాళ్ళం ఈ గట్టు కట్టుకున్నప్పుడు మా పెద్దలు దాన్ని తెచ్చి పెట్టారు. అది వచ్చాక గట్టు మీద కోర్టు లేదు. పోలీసు లేడు. ఇళ్ళకు తాళాలు కూడా లేవు. ఆ మాట కూడా రాయాలి.

నలుగురిలో నిలబడితే చాలు, నాకు నోరు ఎండిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. పళ్ళెం నా దగ్గర ఎప్పుడూ కాసేపు తటపటాయిస్తుంది. ఈ రోజూ అంతే అయింది. వెనక నుంచి ఎవరో ఆడమనిషి అంది: "దాలయ్యకి దొంగతనం సేసేటంత నోరేదీ!" అందరూ నవ్వారు. పళ్ళెం పచ్చబడింది.

తరవాత కొర్లమ్మ. పిండి వేశారు. అడిగారు. లేదు అంది. నమిలింది. ఆమె పళ్ళెం మీదికి వంగి ఊదినప్పుడు పిండి పొడిపొడిగా, గోడ సున్నం రాలినట్టు రాలింది.

ఎర్ర వెలుగు ఆమె ముఖం మీద పడింది. ఎవరూ నవ్వలేదు.

"ఇది మొదటిది" అన్నాడు పోలినాయుడు. గట్టు పెద్ద అతనే. నాకంటే కొంచెం చిన్నవాడు.

"పుండుకి కరెంటెట్టినారు నాయుడూ" అంది కొర్లమ్మ. "నోరెండిపోనాది. నానేటి సెయ్యను?"

"మాట సెల్లదు కొర్లమ్మా. నోరే సెప్పాల" అన్నాడు.

మూడుసార్లు ఎర్రబడితే పడవ ఎక్కించి గట్టు అవతల వదిలేస్తారు. అవతల ఉప్పు బురద, సముద్రం. అలా పోయిన వాళ్ళెవరూ తిరిగి రాలేదు.

అష్టమి. తలుపు రెండుసార్లు ఎత్తాను.

ఓడలో కొర్లమ్మకు కరెంటు పెట్టిన డాక్టరమ్మ పేరు హైమ. పైనుంచి, సముద్రం రాని ఊళ్ళ నుంచి వచ్చిన మనిషి. పడవ వేసుకుని వెళ్ళి, ఎలాగో నోరు తెరిచి సంగతి చెప్పాను. ఆమె నా కంటే ఎక్కువ కంగారు పడింది.

"నోరు ఎందుకు ఎండిందో బొమ్మ తీసి చూపిద్దాం దాలయ్యగారూ. బొమ్మ అబద్ధం చెప్పదు కదా, మీ పెద్దలు నమ్ముతారు."

పోలినాయుడిని అడిగాను. ఆలోచించి, బొమ్మకు ఒప్పుకున్నాడు.

కొర్లమ్మను బల్ల మీద పడుకోబెట్టారు. చేతి నరంలోకి ఒక మందు ఎక్కించారు. అది లాలాజలం ఊరే గ్రంథుల్లోకి చేరి వెలుగుతుందట. వెడల్పాటి కెమెరా ఒకటి ఆమె ముఖానికి తాకీతాకకుండా దించారు. కదలొద్దన్నారు. ఆమె ఆగిపోయిన గడియారంలా పడుకుంది. నేను తెర చూస్తూ కూర్చున్నాను.

ముందంతా చీకటి. తరవాత మెడ దగ్గర సీతాకోకచిలుకలా ఒకటి వెలిగింది. అది వేరే గ్రంథి, దాంతో మనకు పని లేదు అంది హైమ. ఆరోగ్యంగా ఉన్న మనిషి బొమ్మ పక్కన పెట్టి చూపించింది. చెవుల ముందు రెండు, దవడ కింద రెండు, నాలుగు దీపాలు. కొర్లమ్మకు దవడ కింద రెండూ లేవు. కుడి చెవి ముందు లేదు. ఎడమ చెవి ముందు మాత్రం ఒకటి మెల్లగా తెల్లబడింది.

"అదొకటి బతికుందా?" అన్నాను.

"మందు తీసుకుంది. తీసుకున్నది నోట్లోకి వదులుతుందో లేదో ఇంకా తెలీదు. ఇప్పుడు నాలుక మీద నిమ్మరసం వేయాలి. మంచి గ్రంథి అయితే పులుపు తగలగానే అంతా నోట్లోకి కుమ్మరిస్తుంది. అక్కడ వెలుగు తగ్గిపోతుంది. కరెంటుకి దెబ్బ తిన్న గ్రంథి నింపుకుంటుంది కానీ వదలదు. వెలుగు అలాగే ఉండిపోతుంది." ఆమె తల పట్టుకుంది. "నా దగ్గర నిమ్మకాయ లేదు. నిమ్మ ఉప్పు లేదు. రేవులోకి రాకముందే మీ కాపలావాళ్ళు ఓడంతా వెతికి పుల్లటిదల్లా పట్టుకుపోయారు."

అది నిజం. గట్టు మీద పులుపు లేదు. పులుపు తింటే నోరు ఊరుతుంది. ఊరిన నోరు పళ్ళేన్ని మోసం చేస్తుంది. అందుకని పళ్ళెం వచ్చిన ఏడాదే చింతచెట్లు కొట్టించారు. నిమ్మ లేదు, గోంగూర లేదు, మామిడికాయను పండే దాకా ముట్టనివ్వరు. పప్పు చప్పగా తింటాం. చేపలు ఇగురే వండుతాం. పులుసు అనే మాటకు అర్థం తెలియని పిల్లలకు పిల్లలు పుట్టారు.

హైమ బొమ్మ మీద 'పరీక్ష సగమే జరిగింది' అని రాసి ఇచ్చింది.

దశమి.

బొమ్మను సావిట్లో దీపానికి ఎదురుగా పట్టుకుని చూశారు. పోలినాయుడు తెల్లటి మచ్చ మీద వేలు పెట్టాడు.

"ఇదేటి?"

"గ్రంథి" అన్నాను.

"ఎలుగుతోంది గదా."

"సగమే తీసినారు నాయుడూ. పులుపెడితే గాని..."

పులుపు అనగానే సావిడి అంతా నా వైపు తిరిగింది. మిగతా మాట చెప్పలేకపోయాను. ఎన్నోసార్లు మనసులో అనుకుని వెళ్ళిన మాట అది.

"గ్రంథి బతికుంది. నోరెండింది. అయితే బయమే" అని ఎవరో తేల్చేశారు.

కొర్లమ్మ పిండి మళ్ళీ పొడిగా రాలింది. బొమ్మ లేకపోతే జబ్బు అని కొందరైనా అనుకునేవాళ్ళు. బొమ్మ తెచ్చి నేనే ఆ అనుమానం తీర్చేశాను.

ఇంటికి వస్తూ ఆమె అంది: "నువ్వు నాలుగు మాటలు మాటాడితే బాగున్ను. మూడు మాటాడి ఒగ్గేసినావు."

"గొంతు రానేదు" అన్నాను.

"నాకు తడి నేదు, నీకు గొంతు నేదు. బాగా కుదిరినాం" అని నా చెయ్యి పట్టుకుంది. గట్టు మీద అందరూ చూస్తుండగా ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఏకాదశి. ఊట లేదు.

తరవాణి పెట్టాను.

మా అమ్మ పెట్టేది. అన్నం వార్చిన గంజి కుండలో పోసి, ఉప్పు రాయి వేసి, గుడ్డ కట్టి మూల పెట్టేది. రోజూ కొంత గంజి చేర్చేది. పులిసేది. ఎండాకాలం పొలానికీ సముద్రానికీ పోయేవాళ్ళు తాగి పోయేవాళ్ళు. దానికి చెట్టు అక్కర్లేదు. విత్తనం అక్కర్లేదు. గంజి ఉన్న ఇంట్లో పులుపును ఎవరూ ఆపలేరు. పెద్దలు ఆ సంగతి మరిచిపోయారు. లేకపోతే గంజి కూడా పారబోయించేవాళ్ళు.

కుండను తూము గదిలో పెట్టాను. బురద వాసనలో అది తెలియదు.

త్రయోదశి. పోటు పెరుగుతోంది.

కొర్లమ్మ అన్నం తెచ్చింది. గడప దగ్గరే ఆగింది. రుచి పోయింది కాని ముక్కు పోలేదు.

"ఓలమ్మా! తరవాణి ఎట్టినావేటి?"

తల ఊపాను. ఆమె తలుపు మూసి కిందికి కూర్చుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తిరిగి వచ్చాక ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

"దాలయ్య దొంగోడయిపోనాడు తల్లో! ఈ నోరు నేనోడు!"

గుడ్డ విప్పి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"నాకేటీ తెల్దు మావా. ఉప్పో పులుపో తెల్దు. నువ్వు సూడు. పులిసిందా?"

నేను వేలు ముంచి నాకాను. దవడలు పట్టేశాయి. కళ్ళు మూసుకుపోయాయి. నోరంతా నీళ్ళు. మా అమ్మ పోయాక అంత పులుపు తగల్లేదు. గుటక వేశాను. మళ్ళీ నిండింది.

కొర్లమ్మ నా గొంతునే చూస్తోంది. పక్కింట్లో పిల్లలు ఆడుకుంటే పిల్లలు లేని ఆడమనిషి చూసే చూపు.

"బాగా పులిసినట్టుంది" అంది.

చతుర్దశి.

తరవాణిని నీళ్ళ సొరబుర్రలో పోసుకుని రేవుకు వెళ్ళాం. కాపలా మనిషి మూత తీసి వాసన చూసింది. పెళ్ళీడు పిల్ల. పులుపు ఎప్పుడూ ఎరగదు.

"తాతా, గంజి పాడైపోనాది. పారబోసీ. కడుపు సెడతాది" అంది. వదిలేసింది.

మళ్ళీ బల్ల, సూది, కెమెరా. ఎడమ చెవి ముందు మళ్ళీ అదే దీపం. అది నిండే దాకా ఆగి, హైమ తరవాణిని చుక్కలు చుక్కలుగా కొర్లమ్మ నాలుక మీద వేసింది. అందరం తెర చూశాం.

దీపం తగ్గలేదు. ఇంకా వేసింది. తగ్గలేదు. మంచి గ్రంథి బొమ్మలో పులుపు తగలగానే గీత జారి కిందికి పోతుంది. కొర్లమ్మ గీత తాడు లాగి కట్టినట్టు ఉంది.

"నింపుకుంది. వదలడం లేదు" అంది హైమ. "ఇదీ సాక్ష్యం! పులుపుకి కూడా ఊరలేదు. ఇంక భయం అని ఎలా అంటారు?"

ఆమె నా భుజం తట్టింది. కొర్లమ్మ బల్ల మీద నుంచి లేచి నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నోరు ఇంక బతకదని తెలిసి ముగ్గురం సంతోషించాం.

రాకముందు హైమను ఒక మాట అడిగాను. ఒకవేళ నమ్మకపోతే ఆమెను ఓడలోనే ఉంచుకోగలరా అని. హైమ తల దించుకుంది. కెప్టెన్‌ను ముందే అడిగిందట. జబ్బు ఉన్నవాళ్ళకే ఓడలో చోటు. కొర్లమ్మకు జబ్బు నయమైపోయింది.

అదే రోజు, ఆటు తీసిన తరవాత.

హైమ సావిడికి వచ్చి, పెద్దల ముందు రెండు బొమ్మలూ పెట్టి అంతా చెప్పింది. బాగా చెప్పింది. కొందరు తలలు ఊపారు. అప్పుడు పోలినాయుడు అడిగాడు.

"పులుపెక్కడిది?"

హైమ నా వైపు చూడలేదు. నేనే లేచాను.

"నాను పెట్టినాను. తరవాణి."

"పులుపు ముట్టిన సాక్ష్యం సెల్లదు" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

తూము గదికి వచ్చాను. కాసేపటికి పోలినాయుడు ఒక్కడే వచ్చాడు. తూము తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఆ డాక్టరమ్మ సెప్పింది నిజవే, దాలయ్యా?"

"నిజవే."

"ఈ ఓడ ఇంతకుముందు కూడా ఒచ్చింది గదా. మా సెల్లి బంగారికి కూడా కరెంటెట్టినారు. నీకు గుర్తుందో నేదో. తిరిగొచ్చి మూడుసార్లూ పొడిపిండే ఊసింది. అన్నా, నాను దొంగని కాదు అంది. పడవ తోసినవోణ్ణి నానే." తూము తలుపు మీది చెయ్యి తీశాడు. "ఈ బొమ్మ నిజవంటే నానేటి కావాల? నువ్వు సెప్పు."

"కుండ ఎక్కడుంది?" అన్నాడు. చూపించాను. తనే చంకన పెట్టుకుని పోయాడు.

పున్నమి. పెద్ద పోటు.

పొద్దున్నే ప్రమాణం. కొర్లమ్మ పిండి నోట్లో వేసుకునే ముందు పళ్ళెం వంక చూసి, "నీకూ నాకూ ఇదే ఆఖరు" అంది. ఎర్రబడింది.

నేను అక్కడే చెప్పాను. తరవాణి పెట్టింది నేనేనని, నన్నూ పడవ ఎక్కించమని. ఈసారి మాట సగంలో ఆగలేదు. కాని ఒప్పుకోలు చెల్లదన్నారు. ఇంతకుముందు ఎంతోమంది తమవాళ్ళ వెంట పోదామని చేయని తప్పులు ఒప్పుకున్నారట. అందుకని రూలు. కాదు అని ప్రమాణం చేయాలి. పళ్ళెం ఎర్రబడితేనే తప్పు చేసినట్టు. పులుపుకైతే ఒక్క ఎరుపే చాలు. పచ్చగా ఉన్నవాణ్ణి గట్టు దాటనివ్వరు. తూము మనిషిని అసలే దాటనివ్వరు.

అయితే మంచిదే అనుకున్నాను. అబద్ధం చెప్పాలి. నలుగురి ముందు. నిజం చెప్పేటప్పుడే ఎండిపోయే నోరు నాది.

కొర్లమ్మను పడవలో కూర్చోబెట్టారు. సావిడి నుంచి రేవు కనిపిస్తుంది. ఆమె పడవలో ఒక పక్కకు జరిగి కూర్చుంది. రెండో పక్క నాకు. నా దుప్పటి కూడా పెట్టుకుంది.

నన్ను పళ్ళెం ముందు నిలబెట్టారు. పోలినాయుడు తరవాణి కుండ తెచ్చి పళ్ళెం పక్కన పెట్టాడు. దేని మీద ప్రమాణమో అది ఎదురుగా ఉండాలి. అదీ పద్ధతే. గుడ్డ విప్పాడు.

మరో రోజు పులిసింది. వాసన గుప్పుమని వచ్చింది.

"ఈ పులుపు నువ్వు పెట్టినావా?"

"నేదు" అన్నాను.

నాలుక మీద పిండి వేశారు. దవడలు లాగేశాయి. నోరు ఊరింది. కొర్లమ్మను తలుచుకున్నాను. ఉప్పు బురదను తలుచుకున్నాను. ఊపిరి బిగబట్టాను. ఆగలేదు. పిండి తడిసింది, జావ అయింది, పెదవుల చివరి నుంచి కారింది. చుట్టూ చూశాను. చిన్నవాళ్ళు వాసనకు ముక్కులు మూసుకున్నారు. ముసలివాళ్ళందరి గొంతులూ కదులుతున్నాయి. పోలినాయుడు గొంతు కూడా కదిలింది. అతను నా కళ్ళలోకి చూడలేదు.

ఉమ్మాను. పళ్ళెం ఎన్నడూ లేనంత పచ్చగా, ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా వెలిగింది.

"పచ్చ!" అని అరిచారు. ఎవరో నా వీపు చరిచారు. "దాలయ్య నిజాయితీ సూడండి, దార కట్టింది!" కుండ పెట్టింది కొర్లమ్మే అని తేల్చారు. పెళ్ళాం తప్పు నా మీద వేసుకోబోయిన మంచివాడినట.

నేను కాదు కాదని అరిచాను. ఆ గోలలో నా గొంతు ఎవరికి వినిపిస్తుంది. వినిపించినా, మాట చెల్లదు.

రేవు దాకా కేక వెళ్ళినట్టుంది. కొర్లమ్మ ఇటు తిరిగి చూసింది. తరవాత దుప్పటి ఒడిలోకి తీసుకుని, పడవ ఒరగకుండా మధ్యకు జరిగి కూర్చుంది.

పాడ్యమి.

తలుపు ఎత్తాను. దించాను. గట్టుకు ఊట లేదు.

హైమ ఓడ ఎక్కింది. లంగరు తీశారు. బొమ్మలు రెండూ నాకే ఇచ్చిపోయింది. తూము గది గోడకు పెట్టాను. వదలని దీపం ఒకటి అందులో వెలుగుతూనే ఉంది.

పొద్దున కొందరు వచ్చి ఇకమీదట నన్ను సావిట్లో ముందు వరసలో కూర్చోమన్నారు. కుండను బద్దలు కొట్టి నీళ్ళలో పారేశారు. గది కడిగాను. రెండుసార్లు కడిగాను. ఎక్కడా వాసన లేదు.

అన్నం ముందు కూర్చున్నాను. తినలేదు. ఇది రాస్తున్నాను. తరవాణి అని రాయగానే నోరు నీళ్ళతో నిండిపోతోంది.

బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చాను. మళ్ళీ ఊరింది.